నాంచారయ్య మేస్త్రి, నాలుగో నంబరు కారు

వన్ టౌన్‌లో పాత గిన్నెలకు సొట్టలు తీసే కొట్టు ముందు నిన్న ఆగిపోయాను. లోపల ఎవరో అల్యూమినియం రేకు మీద బట్టల సబ్బు రుద్ది మంట చూపిస్తున్నారు. సబ్బు నల్లబడితే రేకు మెత్తబడినట్టు. ఇక సుత్తికి లొంగుతుంది. ఆ కమురు వాసనకు దారినపోయేవాళ్ళు ముక్కు మూసుకుంటుంటే నేను నిలబడి పీల్చాను. నాంచారయ్య మేస్త్రిగారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకు కోపం వస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో నాకు మొదటి ఉద్యోగం. రోజూ మైలవరం నుంచి బస్సులో వచ్చేదాన్ని. మెకానికల్ డిప్లొమా ఉందన్న పొగరు కూడా నాతోపాటే బస్సెక్కేది. మా ఓనరుగారికి కార్ల రేసుల పిచ్చి. అచ్చం పాతకాలపు రేసు కార్లలా, ఒక్కరే కూర్చునేలా, చక్రాలు బాడీకి బయట ఉండేలా ఎనిమిది కార్లు చేయించారు. ఎనిమిదీ ఒకేలా ఉండాలి. ఎవరికి ఏ కారన్నది చీటీ తీసి తేలుస్తారు. అప్పుడు గెలుపు మనిషిదే, బండిది కాదు. చెన్నై దగ్గరి ట్రాక్ మీద రేసులు జరిగేవి. ఆ సరదా రెండు సీజన్లు కూడా నిండలేదు.

బాడీలన్నీ నాంచారయ్యగారు చేత్తో కొట్టినవే. ఆయనది బందరు వైపు చేపలు పట్టే కుటుంబం. పడవలు చేసి చేసి రేకు పనిలోకి వచ్చారు. కళ్ళు మూసుకుని అరచెయ్యి రేకు మీద పోనిచ్చి, "ఇక్కడ దీనికి ఆకలేస్తందమ్మా" అనేవారు. అంటే అక్కడ లోతుందని. నా కంటికి ఏమీ ఆనేది కాదు. స్కేలు పెడితే నిజమే అయ్యేది.

ఒకరోజు నేను నేల నుంచి టేపుతో కారు ఎత్తు కొలుస్తుంటే ఆపి, నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపు తెచ్చారు. ఒక కొస నా చేతికిచ్చి, రెండోది తను పట్టుకున్నారు.

"నేలని నమ్మమాకమ్మా. మన రేగడి వానకి ఉబ్బుద్ది, ఎండకి కుంగుద్ది. పైపులో నీళ్ళు రెండేపులా ఒకే మట్టంలో ఉంటాయి."

"సిమెంటు చేశారు కదండీ మేస్త్రిగారూ?"

"సిమెంటు కింద ఏవుందమ్మా మరి?"

నవ్వేశాను. తాపీపనివాళ్ళ పద్ధతి నాకెందుకనుకున్నాను.

రెండో సీజన్‌లో నాలుగో నంబరు కారు వరసగా మూడు రేసులు గెలిచింది, ముగ్గురు వేర్వేరు డ్రైవర్లతో. బాడీలో ఏదో తేడా ఉందని మిగతావాళ్ళు గొడవ పెట్టారు. కార్లు షెడ్డుకు తిరిగి రాగానే ఓనరుగారు, "అన్నీ కొలిచి మధ్యాహ్నంలోగా రాసివ్వమ్మా, ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు" అన్నారు.

నీళ్ళ పైపుకి ఇద్దరు కావాలి. నేను టేపు తీసుకుని ఏ కారు ఎక్కడుంటే అక్కడే కొలిచేశాను. నాలుగో కారు ముక్కు మిగతావాటికన్నా ఒక వేలు మందం కిందికి ఉంది. బాడీలో తేడా ఉందని రాసి సంతకం పెట్టాను. ఇంజిన్ విప్పి చూద్దామని ఎవరికీ తోచలేదు.

సాయంత్రం ఆ కాగితం చూపించి ఓనరుగారు ఆయన్ను పనిలోంచి తీసేశారు. నాంచారయ్యగారు నా వైపు తిరిగి, "సరిగ్గా చూశావా అమ్మా?" అన్నారు.

"చూశానండీ."

తల ఊపి, సుత్తులు గోనెసంచిలో వేసుకుని వెళ్ళిపోయారు.

కొన్ని నెలలకే రేసులు ఆగిపోయాయి. కార్లు అమ్మేశాక షెడ్డు కడుగుతున్నాం. నాలుగో కారు ఉండే జాగాలో, ముందు చక్రాలు ఆనే చోట నీళ్ళు మడుగు కట్టాయి; దాని ముక్కు కిందికి వచ్చే చోట నేల ఉబ్బి పొడిగా ఉంది. తేడా బాడీలో లేదు, నేలలో ఉంది. బక్కెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ వారమే బందరు వెళ్ళాను. ఆయన ఒక పాత పడవకు అతుకు వేస్తున్నారు. నన్ను చూసి సంబరపడి టీ తెప్పించారు. ఆ తర్వాత ఏ షెడ్డులోనూ పనికి పిలవలేదని మాటల్లో చెప్పారు.

"నువ్వు రాసింది నిజవేలేమ్మా. వయసైపోలా? ఇప్పుడు నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

నిజం చెప్పడానికే వెళ్ళినదాన్ని. సిగ్గు నోరు నొక్కేసింది. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదామనుకుని టీ తాగి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళేసరికి ఆయన ఇక లేరు.

ఇప్పుడు నా కింద ముప్ఫైమంది పనిచేస్తున్నారు. ఎవరి పనిలోనైనా తప్పుందని రాయవలసి వస్తే ముందు ఆ మనిషినే పిలిచి, పక్కన నిలబెట్టుకుని మళ్ళీ కొలుస్తాను. నాలుగో కారు కొలిచిన ఆ పూట మేస్త్రిగారు షెడ్డులోనే ఉన్నారు, నాకు పది అడుగుల దూరంలో. నేను పిలవలేదు.