ఇనప్పెట్టెలో షర్బత్

మండు వేసవిలో, నాకు పిల్లనివ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చిన పెద్దమనిషి చేత నేను ఉడుకుడుకు షర్బత్ తాగించాను. అది చాలదన్నట్టు ఆయన చేతి గడియారం కూడా ఆపేశాను. ఈ రెండు ఘనకార్యాలూ చేసింది అయస్కాంతం. కాదు లెండి, అదేం చేసింది పాపం! చేసింది నేనే.

మాది లాల్‌గడి మలక్‌పేట్ అనే పల్లె. తాత కాలంలో మా ఇంటికొచ్చిన చుట్టానికి, పట్నం నుంచి రంపపు పొట్టులో చుట్టి తెప్పించిన ఐసుతో షర్బత్ ఇచ్చేవారట. నా వంతు వచ్చేసరికి పొలాలూ పోయాయి, ఐసూ పోయింది. మిగిలినవి రెండే: వంగని నా నడుము, తాత వాడిన ఇనప్పెట్టె. పెట్టెలో ఏమీ లేదు. అయినా రోజూ తాళం వేసేవాణ్ణి.

సంబంధం ఖాయమయ్యే ముందు పిల్ల తరఫువాళ్లు వచ్చి ఇల్లు చూసుకోవడం మా వైపు ఆనవాయితీ. పిల్ల పేరు వసుధ. మేడ్చల్ వాళ్లు. కండ్లకోయలో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది.

"యాదగిరి ఇంట్ల ఫ్రిజ్జున్నది. పోయి ఇంత ఐసు తేరాదా బిడ్డా," అంది అవ్వ, మా నాయనమ్మ.

"మన చెల్క పొలం కొన్నోని ఇంటికి నేను గిన్నె వట్టుకొని పోవాల్నా?"

"మరి వచ్చినోళ్లకు ఏం పోస్తవ్? నీ పౌరుషం పిండి పోస్తవా?"

అప్పుడే ఆదివారం పేపర్లో ఒక వ్యాసం కంటబడింది. గ్యాసు లేకుండా, అయస్కాంతంతో చల్లబరిచే యంత్రాలు రాబోతున్నాయట. మొదటి పేరా చదివాను. మిగతాది చదవడం నాకు నామోషీ అనిపించింది. నేను బీఎస్సీని కదా!

సుచిత్ర చౌరస్తా దగ్గర మైకులు బాగుచేసే దుకాణానికి వెళ్లి, పాడైన స్పీకర్ల నుంచి ఊడదీసిన అయస్కాంతాలు సంచి నిండా తెచ్చాను. ఎండ పడే కిటికీ కింద ఉన్న ఇనప్పెట్టెకు లోపలా బయటా అంటించాను. పెట్టెకు దద్దుర్లు లేచినట్టయింది. మధ్యలో షర్బత్ కూజా పెట్టి తాళం వేశాను.

"ఏందిరా గిది?"

"సైన్సు, అవ్వా. నీకు సమజ్ కాదు."

మర్నాడు మధ్యాహ్నం వసుధ వాళ్ల నాయిన వచ్చాడు. ఇల్లు చూడ్డానికి పిల్ల రావడం ఎక్కడా లేదు. కానీ వసుధ కూడా వచ్చింది. "ఉండేది నేను గదా, నేనే సూస్కుంట" అందట.

నేను గంభీరంగా తాళం తీసి గ్లాసులు నింపాను. ఆయన ఒక్క గుక్క తాగి ఆగాడు.

"చాయ్ పోసిండ్రా బాబూ? మస్తు కాలుతుంది!"

"లేదండీ, లోపల ఇంకా చల్లగా ఉంటుంది," అన్నాను, నా నోరు పడిపోను!

ఆయన నమ్మి పెట్టెలోకి చెయ్యి పెట్టాడు. గడియారం టక్కున ఒక అయస్కాంతానికి అతుక్కుంది. లాక్కునేసరికి ముల్లు ఆగిపోయింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఊపాడు, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"గీ ఇంట్ల అడుగువెట్టంగనే నా గడియారమే నడుస్తలేదు. నా బిడ్డ సంసారం ఏం నడుస్తది? లే బిడ్డా, పోదాం."

వసుధ లేవలేదు. పెట్టె చుట్టూ తిరిగి చూసింది.

"వ్యాసం మొత్తం సదివిండ్రా?"

నేను నిటారుగా నిలబడి అబద్ధం చెప్పబోయాను. నోరు జారి నిజం వచ్చేసింది. "మొదటి పేరా," అన్నాను.

"అనుకున్న. అయస్కాంతం దగ్గరికి తెస్తె లోహం వేడెక్కుతది. గా వేడిని నీళ్లతోని బయటికి పంపాలె. ఆ తర్వాత అయస్కాంతం తీసేస్తె, అప్పుడు సల్లవడ్తది. మీరు అంటించి వదిలేసిండ్రు."

"అయితే ఇప్పుడు తీసేస్తా!"

"తీసినా లాభం లేదు. ఏ లోహమైనా తన అయస్కాంత గుణం పోగొట్టుకునే వేడి దగ్గర్నే గీ పని మంచిగ చేస్తది. ఇనుముకైతే గది ఎర్రగ కాలినంక. మన గదిల వేడికి గడోలినియం అనే లోహం కావాలె. ఇనప్పెట్టె గాదు."

అవ్వ గోడకానుకుని అంతా విన్నది. "అంటే పట్టుకున్నంత సేపు వేడి, ఇడిస్తేనే సల్లదనం అన్నట్టు. గిదంత మా మనవడి ముచ్చటే గద బిడ్డా!"

వసుధ పకపకా నవ్వింది. వాళ్ల నాయిన ఆగిపోయిన గడియారం వంక చూసుకుంటూనే నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అయినా గిన్నె పట్టుకుని యాదగిరి ఇంటికి నడిచాను. ఐసు తెచ్చాను. నడుము విరగలేదు.

"సూసిన ప్రతి ఇంట్ల టీవీ సూపెట్టిండ్రు నాయినా," అంది వసుధ వెళ్లేటప్పుడు. "ప్రయోగం సూపెట్టింది గీయనొక్కడే. తప్పుల తడక ప్రయోగమే, గాని సూపెట్టిండు."

పెళ్లయ్యాక వసుధ తన జీతంతో ఫ్రిజ్ కొంది. భార్య సొమ్ముతో కొన్న ఫ్రిజ్‌లో నీళ్లు మా వంశంలో ఎవరూ తాగలేదని ప్రకటించాను.

"మీరు తాగకుండ్రి," అంది. మధ్యాహ్నం దాకా ఆగగలిగాను. తలుపు తీసి, చల్లటి సీసా ఎత్తి తాగి, దొంగలా మూయబోతే తలుపు నా చేతిలోంచి జారి తనంతట తానే ఠప్పున అతుక్కుంది.

"ఆ తలుపు అంచుల ఉన్నది సూడుండ్రి, మీ అయస్కాంతం," అంది వసుధ వెనకనుంచి. "తలుపు మూసేటందుకైతే పనికొస్తది."

ఆనాడే ఇనప్పెట్టె మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను: ఆఖరి పేరా చదవకుండా ఈ జన్మలో సైన్సు జోలికి పోను, అతిథి చేతికి గడియారం ఉందో లేదో చూడకుండా షర్బత్ పొయ్యను. చెయ్యి వేసే ముందు మా ఆవిడ నా ఉంగరం తీయించింది. పెట్టెకు ఇంకా ఒక అయస్కాంతం మిగిలే ఉంది, ఉంగరం బంగారమని నేను చెప్పుకుంటాను గానీ అది ఇత్తడి పూత వేసిన ఇనుము.