ముగింపు చెప్పేసే మామ

డానియేలు మామ ఎదుట ఎవరూ కథ మొదలుపెట్టరు. పెట్టారా, ముగింపు ఆయన చెప్పేస్తాడు. సినిమా కానీ, సీరియల్ కానీ, వారపత్రికలో నవల కానీ, ఎవరైనా ఆశగా కూర్చున్నారని తెలిస్తే చాలు, ఆఖరి ముక్క వాళ్ల చెవిలో వేసి చల్లగా వెళ్లిపోతాడు. పాతబస్తీలో ఆయన వాత పడని ముగింపు లేదు.

మామది కంచన్‌బాగ్‌లో, లోహాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. డ్యూటీ దిగి ఆటో ఎక్కగానే డ్రైవర్ ఖాదర్ హ్యాండిల్ వదిలేసి మరీ దండం పెట్టేవాడు.

"డానియేల్ భాయ్, పిక్చర్‌కు టికెట్ తీసుకున్న. ఖుదా కే వాస్తే, ఏం చెప్పకు!"

"నేనేం చెప్త? హీరో తమ్ముడే విలన్ అని నేనేమన్న చెప్పిననా?"

ఖాదర్ ఆటో నడిరోడ్డు మీద ఆపేసి తల బాదుకునేవాడు. వెనక బండ్ల హారన్లు మోగిపోయేవి. మామ మాత్రం అమాయకంగా బయటికి చూస్తూ కూర్చునేవాడు.

ఆయన మేనకోడలు రూప. ఇప్పుడు బి.ఎడ్. చదువుతోంది, రేపో మాపో టీచరమ్మ. కానీ ఎనిమిదో తరగతిలో ఆమెను చూసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. "లేచి చదువు" అని సార్ అంటే చాలు, ఒత్తులన్నీ గొంతులో అడ్డం పడేవి. క్లాసంతా పకపకా నవ్వేది. ఓరోజు బ్యాగు మూలకు విసిరికొట్టి, తల్లి రాజమణికి తేల్చి చెప్పేసింది.

"నేనింక బడికి పోనమ్మా. లాడ్ బజార్ల గాజులకు రాళ్లు అతికిస్త. అండ్ల చదివేదేం ఉండది."

రాజమణి లబలబలాడి అన్నకు ఫోన్ చేసింది. ఆదివారం చర్చి కాగానే మామ దిగాడు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత డిటెక్టివ్ నవల చంకలో పెట్టుకుని. నీతులు మొదలవుతాయని రూప మొహం ముడుచుకుంది. మామ బడి ఊసే ఎత్తలేదు. మటన్ కూర కలుపుకుంటూ కథ ఎత్తుకున్నాడు. ఒక హవేలీలో వజ్రాల హారం పోయింది. అందరికీ కడుపునిండా అన్నం పెట్టే ముసలి వంటమనిషిని, పాపం, పోలీసులు పట్టుకుపోయారు. రూప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మరి ఇడిసిపెట్టిన్రా మామా?"

"ఏం ఇడుస్తరు? ఆఖరికి ఆమెనే దొంగ."

"కాదు! అసలే కాదు! నువ్వు తప్పు చదివినవ్!"

"బుక్కుల గట్లనే ఉంది బిడ్డా" అని మామ బొమిక చప్పరించాడు. చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. నవల మాత్రం అక్కడే మర్చిపోయాడు.

రూపకు ఒళ్లు మండిపోయింది. వంటమనిషి పరువు తన మీదే ఉందన్నట్టు పుస్తకం ముందేసుకుంది. లైను కింద వేలు పెట్టి, ఒత్తు దగ్గర ఆగి, మామను ఓ తిట్టు తిట్టి, మళ్లీ చదివింది. పొయ్యి మీద పాలు పొంగినా కదల్లేదు. వారం తిరిగేసరికి చివరి పేజీ చదివి గాల్లోకి ఒక్క గెంతు గెంతింది. దొంగ ఎవరో కాదు, హవేలీ అల్లుడు!

సాయంత్రం మామ ఎప్పుడూ ఉండేది బాలరాజ్ సెలూన్‌లోనే. రూప పుస్తకం పట్టుకుని గల్లీలన్నీ దాటి పరుగెత్తి గుమ్మంలో నిలబడింది.

"మామా! అల్లుడు!"

"ఏ అల్లుడు?" అన్నాడు మామ, పేపర్ దించకుండానే.

"దొంగ అల్లుడు! వంటామె కాదు!"

"నేన్నమ్మ. ఉంటే చదువు, అందరు వింటరు."

రూప ఆవేశంలో ఆఖరి పేజీలు చదివేసింది. బాలరాజ్ కత్తి గాల్లో ఆగింది. కుర్చీలో సగం గడ్డంతో బ్యాంకు జగదీశ్వర్ సార్ బిగుసుకుపోయాడు. ఒకచోట పెద్ద మాట నాలుకకు అడ్డం పడింది. నవ్వుతారని రూప బెదురుగా తలెత్తింది. ఎవరూ నవ్వలేదు.

"జల్ది చదువమ్మా, తర్వాతేందీ?" అని నురగలోంచి అరిచాడు జగదీశ్వర్ సార్.

చదవడం అయిపోగానే సెలూన్ చప్పట్లతో మారుమోగింది. మామ తల గోక్కున్నాడు.

"నా అద్దాలు మార్చాలె గావచ్చు. గీ ఇంకో బుక్కుల మాత్రం డాక్టరే హంతకుడు. పక్కా!"

ఆ డాక్టరూ హంతకుడు కాదు. రూప పదో తరగతి దాటేలోపు మామ చెప్పిన ముగింపు ఒక్కటంటే ఒక్కటీ నిజం కాలేదు. ఇంత తప్పుగా చదివే మనిషి భూప్రపంచంలో ఉండడని ఆమె జాలిపడేది. బడి మానేస్తానన్న మాట ఎప్పుడో మరిచిపోయింది.

మొన్న ఒక బడిలో పాఠం చెప్పడం నేర్చుకునేందుకు వెళ్లింది. వెనక బెంచీలో అభిజ్ఞ అనే పిల్ల "నేను చదవ టీచర్, నవ్వుతరు" అని తల వంచుకుంది. రూపకు తన ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. అచ్చం తనే! ఏం చేయాలో తోచక ఇంటికి వెళుతూ, సెలూన్ బయట నిలబడ్డ బాలరాజ్‌తో ఆ మాట చెప్పుకుంది.

"నాకైతే మామ తప్పులు పట్టుకోవాలన్న పట్టుదలతో చదువొచ్చింది అన్నా."

బాలరాజ్ పడీపడీ నవ్వాడు. "మీ మామ తప్పు చెప్పుడా! తప్పయితే మేమెందుకు గింత లొల్లి చేస్తం? మాకు చెప్పినయన్నీ నిజమే తల్లీ. నీకొక్కదానికే ఉల్టా చెప్పిండు."

"మరి ఆ రోజు మీరంతా ఊపిరి బిగబట్టి ఎట్ల విన్నరు?"

"అల్లుడే దొంగని మాకు ముందే చెప్పిండు. తెల్వనట్టు కూసోమని ఒట్టేయించుకున్నడు. జగదీశ్వర్ సార్ మొఖం మీద సబ్బు ఎండి పెచ్చులు లేచింది, పాపం!"

మామను గట్టిగా వాటేసుకోవాలో, నాలుగు తగిలించాలో రూపకు తెలియలేదు. నవ్వుకుంటూనే ఇల్లు చేరింది.

మర్నాడు క్లాసులో తెలుగు వాచకంలోని పడవ నడిపే తాత కథ చెప్పింది. "తుఫాను వచ్చింది, పడవ మునిగింది, తాత పోయిండు. అంతే" అని పుస్తకం టప్పున మూసేసింది.

పిల్లలు ఉసూరుమన్నారు. వెనక బెంచీలో మాత్రం ఒక పుస్తకం తెరుచుకుంది. వేలు కదిలింది, పెదాలు కదిలాయి. కాసేపటికి అభిజ్ఞ బెంచీ ఎక్కినంత పని చేసింది.

"టీచర్, తాత చావలే! మీరు తప్పు చెప్పిన్రు!"

"నేన్నమ్మ. ఉంటే చదువు."

ఆ పిల్ల చదివింది. ఆగింది, తడబడింది, మళ్లీ అందుకుంది. తాత ఒడ్డుకు చేరేదాకా ఒక్కరూ నవ్వలేదు. చేరగానే క్లాసు గోలగోల అయింది.

ఆ సాయంత్రం రూప ఎగురుకుంటూ మామ ఇంటికి వెళ్లింది.

"మామా, నా క్లాసుల ఒక పిల్ల ఉంది, చదవనంటే చదవనన్నది..."

"ఆగు. ఆఖరికి లేచి చదివింది. గంతే గద?" అన్నాడు మామ చాయ్ ఊదుకుంటూ.

రూప తన్నుకొస్తున్న నవ్వు ఆపుకుంది.

"తప్పు మామా."

కప్పు నోటి దగ్గర ఆగిపోయింది. "తప్పా? నేను చెప్పింది తప్పా? మరేమైంది?"

"రేపు బడికొచ్చి నువ్వే చూస్కో."

"అరే, గట్లెట్ల పోతవ్! ఆఖరు చెప్పి పో బిడ్డా!"

ఒక్క కాలికే చెప్పు తగిలించుకుని మామ గల్లీలో వెంటపడ్డాడు. ఎదురుగా వస్తున్న ఖాదర్, మామ కేక విని సంగతి కనిపెట్టి, ఆటో ఆపి రెండు చేతులూ పైకెత్తాడు.

"రూపమ్మా, బిల్కుల్ చెప్పకు!"