దేవుడి కుండలో పిడికెడు బియ్యం

మా చిన్నప్పుడు వంటింట్లో రెండు బియ్యం కుండలుండేవి... ఒకటి మాది, ఒకటి దేవుడిది.

అమ్మ ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. కళ్లు మూసుకుని "ప్రభువా, నీది నీకు" అనేది. ఆదివారం ఆ బియ్యం మూటగట్టి చర్చికి తీసుకెళ్లేవాళ్లం. పాస్టరయ్య ప్రార్థన చేసి లేనివాళ్లకు పంచేవారు. ఆ కుండ మూతికి ఎప్పుడూ తెల్లగుడ్డ కట్టి ఉండేది. ముట్టుకున్నామా... వీపు విమానం మోతే!

లాల్‌దర్వాజా సందులో అద్దె ఇల్లు మాది. ఒక గది, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. పెరటి గోడకు అవతల జుబేదా ఖాలా వాళ్ల ఇల్లు. బాపుది రైల్వేలో పని. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడు దావీదుకు అయిదు.

నిజాం పాలన చివరి రోజులవి. ఒకరొచ్చి "మీరు ఎవరి దిక్కు?" అనేవారు. ఇంకొకరు "మీరు తెల్లోళ్ల మనుషులు" అనేవారు. "మేం మా ఇంట్లనే ఉన్నం గద అన్నా!" అని అమ్మ తలుపు వేసేసేది. ఖాలా భర్త మాత్రం కర్ర పట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు మా గుమ్మం ముందు నిలబడి, ఇకమీదట ఈ ఇంట్లోంచి పాటలు వినపడితే బాగుండదని బాపుతో చెప్పి వెళ్లాడు. అప్పట్నుంచి కీర్తనలు గొంతు లేకుండా పాడుకున్నాం... పెదాలు మాత్రం కదిలేవి.

కొన్నాళ్లకు పటాలాలు పట్నంలోకి వస్తున్నాయన్నారు. డ్యూటీకి వెళ్లిన బాపు మూసీ అవతలే చిక్కుకుపోయాడు. అమ్మ రోలు దొర్లించి వీధి తలుపుకు అడ్డం పెట్టింది. కిటికీలో గోనెసంచి కుక్కింది. అంతే... వారం రోజులు. గాలాడదు. గట్టిగా మాట్లాడకూడదు. తమ్ముడు ఏడిస్తే నేను వాడి నోరు మూయాలి. ఇప్పటికీ లిఫ్టు తలుపు మూసుకుంటే ఆ గోనె వాసన నా ముక్కుకు తగులుతుంది.

మూడో రోజుకు మా కుండ అడుగంటింది. మిగిలిన కాసిని బియ్యంతో అమ్మ గంజి కాచబోయింది... అందులోంచి కూడా పిడికెడు తీసి దేవుడి కుండలో వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, ఆదివారం చర్చికే పోలేదు. గా కుండ నిండ ఉన్నయ్ గద బియ్యం?"

"అవి మనయి కావు బిడ్డా."

"దేవునికి ఆకలైతదా ఏంది?"

నెత్తి మీద మొట్టికాయ పడింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే, తెల్లగుడ్డ ముడి విప్పి ఒక పిడికెడు నోట్లో పోసుకున్నాను. నమిలితే చప్పుడవుతుందని నోట్లోనే నానబెట్టుకుని మింగాను. పక్కనే ఉన్న తమ్ముడికి కూడా పెట్టలేదు... వాడికి పెట్టలేదన్న మాట మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి.

కడుపు నిండలేదు గానీ భయం పట్టుకుంది. అయిదో రోజు కూడా అమ్మ రోలు జరపకపోయేసరికి నాకు ఖాయమైపోయింది. దేవుడే కోపమొచ్చి మమ్మల్ని లోపల పెట్టి తాళం వేశాడు. బాపు రాకపోవడానికీ నేనే కారణం.

ఆ సాయంత్రం పెరటి గోడ మీద ఎవరో మెల్లగా మూడుసార్లు తట్టారు. జుబేదా ఖాలా. భర్త ఎటు పోయాడో తెలియదట. పిల్లలు నిన్నటి నుంచి పస్తట.

"బహెన్... దో ముట్ఠీ చావల్..." అంది. రెండు పిడికిళ్ల బియ్యం.

అమ్మ కదల్లేదు. అబద్ధమెందుకు, అమ్మ ముఖంలో కోపం నేను చూశాను.

"మీ ఆయన మా నోట్ల పాట బందు చేసిండు" అంది గోడకేసి చూస్తూ.



"హాఁ బహెన్" అంది ఖాలా. నిజమేనని ఒప్పుకుంది.

అమ్మ గబగబా లోపలికొచ్చి దేవుడి కుండ దించింది. ముడి చూసింది. అది ఆమె వేసిన ముడి కాదు. నా వైపు తిరిగింది. నేను భోరుమన్నాను.

"నేనే తిన్న అమ్మా! గందుకే దేవుడు తలుపు తీస్తలేడు, బాపు వస్తలేడు..."

అమ్మ కొట్టలేదు. దగ్గరికి లాక్కుంది.

"ఆకలికి తిన్న పోరి మీద దేవుడు తలుపు మూస్తడా? గిది మనుషులు మూసిన తలుపు బిడ్డా." కళ్లు తుడుచుకుంది. "దేవునికి ఆకలైతదా అని అడిగినవ్ గద... అయితది. పా."

నన్ను పెరట్లో బండ మీద నిలబెట్టి, నా పిడికిలితోనే బియ్యం పోయించింది. అవతల ఖాలా దుపట్టా పట్టింది. నా చెయ్యి చిన్నది, చాలాసేపు పట్టింది. కుండ సగమయ్యాక అమ్మ చాలంది. మిగతా సగం మాకే ఎసట్లో పోసింది. "ఇయ్యాల మనం గూడ లేనోళ్లమే" అంది.

ఆ పూట అన్నం ముందు కూర్చుని అమ్మ గొంతు విప్పి పాడింది... మెల్లగానే, గోడకు అవతల వినపడేంత. భయంతో నేను తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. అవతల నుంచి ఎవరూ వద్దనలేదు.

మరో రెండు రోజులకు బాపు వచ్చాడు. రోలు జరిగింది.

ఇప్పుడు ఆరో అంతస్తులో కొడుకు దగ్గర ఉంటున్నాను. నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. పూటపూటా పిడికెడు తీసి స్టీలు డబ్బాలో వేస్తూనే ఉన్నాను. చర్చికి బియ్యం తెచ్చేవాళ్లు ఇప్పుడు నాతో కలిపి ఇద్దరో ముగ్గురో. మీ ఇళ్లలోనూ అలా తీసేవారా? అవి ఎవరి కొంగులో పడేవి? చెప్పండి, మనవరాలు చదివి వినిపిస్తుంది.

మా వంటింటి గోడకు అవతల ఎవరో ఉంటారు... కుక్కర్ కూత వినపడుతుంది. మూడేళ్లయింది, పేరు తెలియదు. ఇప్పుడు మమ్మల్ని ఎవరూ లోపల పెట్టలేదు, అయినా తలుపులన్నీ మూసే ఉంటాయి. ఒక్కోసారి ఆ గోడ మీద మూడుసార్లు తట్టాలని చెయ్యి లేస్తుంది... మళ్లీ దించేసుకుంటాను.