చిన్నాన్న ఉప్పునీళ్ళ చేపలు

మా చిన్నప్పుడు... బేతంచెర్లలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు చిన్నాన్న లారీ ఆగి ఉంది. మద్రాసులో మా ఊరి నాపరాతి బండల లోడు దించి, తిరిగొస్తూ గడ్డి మధ్యలో పెట్టుకుని ఒక పెద్ద గాజు తొట్టి తెచ్చాడు. "మెల్లగప్పా... అది బండ కాదు, గాజు!" అని ఆయన అరుస్తుంటే వీధంతా వచ్చి చేరింది.

ఉప్పునీళ్ళ చేపలు పెంచుతాడట! తాగే నీళ్ళకే బిందెలు వరుసలో పెట్టే ఊళ్ళో...

బండలు పేర్చి దిమ్మె కట్టి, దాని మీద తొట్టి పెట్టాడు. ఇక సంచిలోంచి ఒక్కొక్కటే తీశాడు. తెల్లటి ఇసుక, నీళ్ళను శుభ్రం చేసే ఫిల్టరు, అలలాగా నీళ్ళను తోసే చిన్న మోటారు, నీలం లైటు, నీళ్ళలో ఉప్పెంతుందో ముల్లుతో చూపించే ప్లాస్టిక్ డబ్బా, బకెట్ నిండా సముద్రపు ఉప్పు పొడి. చివర్లో ఒక హీటరు. మా నాయన పగలబడి నవ్వాడు. "బేతంచెర్లకు హీటరేందిరా... కుండలో నీళ్ళే కాగుతాండాయి!"

చిన్నాన్న కూడా నవ్వేసి హీటరును అటక మీద పడేశాడు. నీళ్ళు వేడెక్కకుండా వాటి మీదికి టేబుల్ ఫ్యాను తిప్పాడు.

చేపలు దాక్కోవడానికని క్వారీ నుంచి ఒక రాయి ఏరి తెచ్చాడు. దానికి మధ్యలో బొక్క. వారం రోజులు దాన్ని బ్రష్షుతో తోమాడు. పెళ్ళిచూపులకు వెళ్ళేటప్పుడు కూడా ఆయన ఒళ్ళు అంత తోముకుని ఉండడు.

నెలన్నర దాకా చేపల్లేవు. ఉత్త నీళ్ళు! మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, ఊరుకోలేక అడిగింది, "చేపలు యాడరా? ఉత్త నీళ్ళకు ఫ్యాను ఇసురుతాండావు..."

"నీ ఊరగాయ మాదిరేమ్మా. నీళ్ళు బాగా ఊరాల. అప్పుడే చేపలు బతుకుతాయి" అన్నాడు చిన్నాన్న.

ఆ మాట జేజికి బాగా నచ్చింది. ఊరగాయ సంగతి ఆమెకు తెలిసినంతగా మా బంధువుల్లో ఎవరికీ తెలియదు మరి.

తర్వాత రెండు చేపలొచ్చాయి... నారింజ రంగు ఒళ్ళు, తెల్లటి పట్టీలు. సముద్రం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని జేజి మధ్యాహ్నమంతా తొట్టి ముందే కూర్చునేది. బయట బండల దుమ్ము, లోపల నీలం వెలుతురు. ఆ వేసవిలో మా ఇల్లు మా ఇంటిలా ఉండేది కాదు.

చిన్నాన్న మళ్ళీ లోడుకు వెళ్తూ నన్ను పిలిచాడు. తొట్టి గాజు మీద ఎర్ర గోళ్ళరంగుతో గీసిన గీత చూపించాడు. "ఫ్యానుకు నీళ్ళు తగ్గుతాయి పాపా. ఈ గీత కిందికి దిగితే క్యానులో ఉండే మంచినీళ్ళు పొయ్యి. ఉప్పు మాత్రం ఎయ్యొద్దు. ఉప్పు యాడికీ పోదు, నీళ్ళే పోతాయి."

సరేనన్నాను. మొదటి రోజు చెప్పినట్టే పోశాను కూడా. జేజి చూసి గుండెలు బాదుకుంది. "సప్పనీళ్ళు పోస్తాండావా! చుక్క పడితే ఊరగాయే చెడిపోతాదే... పానమున్న చేపలు బతుకుతాయా?"

జేజి ఊరగాయ ఏనాడూ చెడలేదు. చిన్నాన్నేమో లారీ తోలే మనిషి. ఎవరి మాట నమ్మాలి? తొమ్మిదేళ్ళ దాన్ని... మరుసటి రోజు నుంచి చెంబు నీళ్ళలో గుప్పెడు ఉప్పు పొడి కలిపి పోశాను.

నాలుగు రోజుల్లో రావాల్సిన లారీ దారిలో చెడిపోయింది. చిన్నాన్న రావడానికి పది రోజులు పట్టింది. నేను రోజూ గుప్పెడు వేస్తూనే ఉన్నాను. తొట్టి అంచుకు తెల్లగా ఉప్పు పేరుకుంది. చేపలు తిండి మానేశాయి. రాయి బొక్కలో చేరి ఎగపోస్తున్నాయి.

ఉప్పు చాల్లేదేమో అనుకున్నాను. ఇంకో గుప్పెడు వేశాను.

అది తలుచుకుంటే ఈ రోజుకీ నా చెయ్యి నాకే పరాయిదిగా అనిపిస్తుంది.

తొమ్మిదో రోజు పొద్దున రెండూ తేలాయి. వాసన వస్తోందని నాయన నీళ్ళన్నీ పెరట్లో పారబోశాడు. మరునాడు చిన్నాన్న వచ్చేసరికి ఖాళీ తొట్టి, తడి ఇసుక, ఆ రాయి... అంతే. ఉప్పెంతుందో కొలవడానికి నీళ్ళు కూడా లేవు. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. రాయినే చాలాసేపు చూశాడు.

"దీంట్లో క్వారీలో పేల్చే మందు ఏదో పట్టి ఉండాది. నేనే సంపినా" అన్నాడు.

జేజి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. చిన్నాన్న రాయిని పెరట్లోకి మోసుకెళ్ళి గడ్డపారతో పగలగొట్టాడు. ఒక్కో దెబ్బకూ నేను చెవులు మూసుకున్నాను. అయినా వినపడింది... ఇప్పటికీ వినపడుతుంది. తొట్టి ఎవరికో ఇచ్చేశాడు. మళ్ళీ ఏ ప్రాణినీ పెంచలేదు, కుక్కను కూడా.

జేజి పోయింది. ఇప్పుడు నిజం తెలిసింది నా ఒక్కదానికే.

ఇన్నేళ్ళకు కడపలో మా అమ్మాయి అలాంటి తొట్టే పెడతానంది. ఇప్పుడేముంది... తగ్గిన నీళ్ళను ఎప్పటికప్పుడు తనే నింపుకునే యంత్రం కూడా వచ్చింది. పెట్టె ఇంటికొచ్చిన రోజు అమ్మాయి ఉత్సాహం ఆగక వాళ్ళ తాతకు, అదే మా చిన్నాన్నకు, ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"అన్నీ కొనుక్కోమ్మా. శానా బాగుంటాది" అన్నాడాయన. "మన ఊరి రాయి మాత్రం పెట్టొద్దు తల్లీ. ఒకసారి నా చేతుల్తో పెట్టి సంపినా... ఇంగా కళ్ళల్లోనే ఉండాయి అయి."

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను. "భోంచేశావా చిన్నాన్నా?" అని అడిగాను.

ఆయన దగ్గర ఇప్పటికీ బటన్ల ఫోనే. ఈ పోస్టు ఆయనకు కనిపించదని తెలిసే ఇంత ధైర్యంగా రాశాను. మీలో ఎవరైనా చిన్నప్పుడు చేసిన తప్పును ఇలా పెద్దయ్యాక ఒప్పుకుని ఉంటే... మొదటి మాట ఎలా మొదలుపెట్టారో కాస్త చెప్పండి. చిన్నాన్నకు డెబ్బై దాటాయి.