మధ్యాహ్నం షిఫ్టుకు అందని సగం ప్రసంగం

కరణ్‌కోట దగ్గరి ఒక చిన్న క్రైస్తవ సంఘం నుంచి, దాని పెద్ద దేవసహాయం ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఆ సంఘానికి పాస్టర్ లేడు. ఆరాధన నడిపేదీ, నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి పంచేదీ ఆయనే. "బ్రదర్, ఆదివారం పశ్చాత్తాపం మీద చెప్పాలె. జర గట్టిగ చెప్పు. నా అల్లుడు ప్రకాశ్ వస్తున్నడు," అన్నాడు. రెండేళ్ల క్రితం క్రిస్మస్ ఆరాధనకు ప్రకాశ్ తాగి వచ్చి, సంఘమంతా చూస్తుండగా ఈ మామ చొక్కానే పట్టుకున్నాడు. అప్పటి నుంచి అతణ్ణి బల్లకు దూరం పెట్టారు. పోయిన వానాకాలం నుంచి మందు ముట్టడం లేదు, మామ కాళ్ల మీద పడి క్షమాపణ కూడా అడిగాడు. మళ్లీ బల్లకు రానివ్వాలా వద్దా అన్నది ఇప్పుడు సంఘపెద్దగా దేవసహాయం చేతిలో ఉంది. "మాఫ్ చేసినవా నాయినా అని నా బిడ్డ దినాం అడుగుతది. నాకే తెల్వది బ్రదర్. నువ్వొచ్చి వాక్యం చెప్పు, చూద్దాం." ఆయన అడిగింది నిప్పు. నిప్పుకు నా దగ్గర ఎప్పుడూ కొదవ లేదు.

మా వికారాబాద్ నుంచి తాండూరుకు బస్సులున్నా, నేను రైలే ఎక్కుతాను. ప్యాసింజరైతే గంట అటూ ఇటూ పడుతుంది; టికెట్ ధర స్టేషన్ బయట ఇడ్లీ, చాయ్ ఖర్చును మించదు. పొద్దున రైలుకు కిటికీ దగ్గర చోటు దొరికింది. అనంతగిరి పచ్చదనం వెనకపడి నల్లరేగడి నేలలు, కంది చేలు మొదలయ్యేసరికి తలుపు దగ్గర కన్నడ మాటలు వినబడసాగాయి. ఒళ్లో బైబిలు తెరిచి యోనా గ్రంథం మళ్లీ చదువుకున్నాను. నేను బైబిలు కాలేజీకి పోలేదు; టైలరింగ్ చేసుకుంటూ, కుట్టుమిషన్ పక్కన నిఘంటువు పెట్టుకుని నేర్చుకున్నవాణ్ణి. హీబ్రూ ప్రవక్తల నోట పశ్చాత్తాపమంటే ఏడుపు ఒక్కటే కాదు, వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టడం. ఏళ్లుగా నాదొక పద్ధతి: పొద్దున పశ్చాత్తాపం, భోజనాలయ్యాక కనికరం. ముందు దున్నాలి, తర్వాత విత్తాలి. ఆ రోజుకూ అలాగే పంచుకున్నాను.

తాండూరు స్టేషన్ నుంచి కరణ్‌కోట వైపు షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి, తలకు ఇరవయ్యో ముప్పయ్యో. సభ రోజు కాబట్టి, డ్రైవరు ఖాజా భాయ్ ఆటో మొత్తం మాట్లాడుకున్నాను. రోడ్డు పొడవునా కోసిన బండలు నిలబెట్టి ఉన్నాయి, లారీల వెనక తెల్లటి దుమ్ము.

"ఇయ్యాల ఏం చెప్తరు పాస్టర్ సాబ్?"

"పాస్టర్ను కాదు భాయ్. యోనా ప్రవక్త గురించి పొద్దుగాల సగం, బువ్వ తిన్నంక సగం చెప్త. చేప మింగింది సూడు, ఆయన."

"యూనుస్ నబీ! మాకు గూడ ఉన్నడు. మా అమ్మీ చెప్తుండె." అద్దంలోంచి నవ్వాడు. "మరి ఆయనను చేప కడుపుల నుంచి ఖానాకు ముందు తీస్తరా, తర్వాతనా?"

"ముందే తీస్త."

"అచ్చా. లేకుంటే పాపం, ఆకలికి పరేషాన్ అయితడు."

అతణ్ణి కూడా భోజనానికి ఉండమన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దేవునికి స్తోత్రం చెప్పాల్సి వచ్చింది.

ప్రార్థన గుడికి రేకుల కప్పు, బండల నేల; లోపల అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు. పదిన్నరకు మొదలుపెట్టాను. అయ్యా, ఆ పూట నా నోట మంటలే! దుర్మార్గంతో నిండిన నీనెవె పట్టణాన్నీ, దాని వీధుల్లో గడువు ముగుస్తోందని అరిచిన ప్రవక్తనూ, సింహాసనం దిగి బూడిదలో కూర్చున్న రాజునూ కళ్ల ముందు నిలబెట్టాను. దేవుడు ఆ పట్టణాన్ని ఉంచుతాడో కాలుస్తాడో తెలియని చోట ఆపి, "మిగతాది భోజనాలయ్యాక" అని బైబిలు మూశాను. చాలామంది కళ్లు తుడుచుకుంటున్నారు. వెనక, తలుపు దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీ నీలం చొక్కాలో ఒకతను తల దించుకుని కూర్చున్నాడు. అతనే ప్రకాశ్. "గిట్ల ఉండాలె వాక్యం," అని దేవసహాయం పెద్ద నా భుజం తట్టాడు.

పంక్తిలో కూర్చున్నాను. తాండూరు కందిపప్పు, వేడి అన్నం. పప్పు గరిట పట్టుకుని దేవసహాయం కూతురు, ప్రకాశ్ భార్య సుజాత నా ముందు నిలబడింది. వడ్డించలేదు.

"అన్నా, మిగిలిన సగం ఎవరికి చెప్తవ్?"

"అందరికీ చెల్లె."

"ఆయనకు రెండింటికి డ్యూటీ. తినకుంటనే పోయిండు. బూడిదల కూసోవెట్టి పంపినవ్ అన్నా."

"ఏమన్న అన్నడా?"

"'నా అసుంటోనికి గడువు అయిపోయింది' అన్నడు. ఇగ మళ్ల గుడికి రాడు. నాకెర్కే."

పెళ్లయ్యాకే సంఘంలోకి వచ్చిన మనిషి. నీనెవెకు తర్వాత ఏమైందో అతనికి తెలియదు. మగవాళ్లలో సగం మంది షిఫ్టుల్లో బతికే ఊరికి వచ్చి, వేళలు అడగకుండా దేవుని కనికరాన్ని మధ్యాహ్నానికి వాయిదా వేశాను! సుజాత అప్పటికే టిఫిన్ డబ్బా కట్టి ఉంచింది. అది పట్టుకుని లేచాను. ఖాజా భాయ్ చేతులు కడుక్కుంటున్నాడు. "జల్ది కూసోండి సాబ్," అన్నాడు, ఏమీ అడక్కుండానే.

ఫ్యాక్టరీ గేటు బయట చాయ్ హోటల్ ముందు, బల్లలా వేసిన బండ మీద ప్రకాశ్ ఒక్కడే ఉన్నాడు.

"ముందు తిను. సుజాత పంపింది."

"నీ మాటలిన్నంక మింగుడు వడ్తలేదన్నా."

"నేను చెప్పింది సగమే తమ్మీ. తప్పు నాది. తినుకుంట విను."

అరవకుండా చెప్పాను. ఆ జనం వెనక్కి తిరిగారు; దేవుడది చూశాడు; ఒక్క ఇల్లూ కాలలేదు. దానికి ప్రవక్తకు కోపం వచ్చింది. ఊరి బయటికి పోయి అలిగి కూర్చున్నాడు. నీడనిచ్చిన చెట్టు వాడిపోతే చావాలన్నంత ఏడ్చాడు. అప్పుడు దేవుడు అడిగాడు: ఒక్క చెట్టు మీద నీకింత జాలి ఉంటే, ఇంత పెద్ద పట్టణం మీద, ఇంతమంది మీద, వాళ్ల పశువుల మీద నాకు జాలి ఉండొద్దా?

"పశువుల మీద గూడనా?" అతని ముఖంలో మొదటిసారి నవ్వు.

"పశువుల మీద గూడ."

"మరి యోనా ఏమన్నడు?"

"రాసి లేదు. దేవుడు అడిగిన కాడనే అయిపోయింది."

ముద్ద పట్టుకుని ఆలోచించాడు. "అంటే ఊరు బతికింది. కోపం ఆయన తాననే ఉండిపోయింది." డబ్బా ఖాళీ చేశాడు. సైరన్ మోగితే లేచి, గేటు దగ్గర వెనక్కి తిరిగాడు. "అన్నా, గీ సగం మా మామకు గూడ చెప్పు. సుజాతకేమో పప్పుల ఉప్పు తక్కువైందని చెప్పు."

రెండో పూట ఆలస్యంగా మొదలైంది. గేటు దగ్గర చెప్పిందే చెప్పి, దేవుని ప్రశ్న దగ్గర ఆగి కూర్చున్నాను. జవాబు నేను చెప్పలేదు. బల్ల వేళ అయింది. దేవసహాయం పెద్ద రొట్టె చేతిలోకి తీసుకుని తలుపు వైపు చూశాడు. జబ్బుతో రాలేని వాళ్ల కోసం ఒక ముక్క చిన్న స్టీలు డబ్బాలో దాచి, ఇంటికి తీసుకెళ్లి ఇవ్వడం అక్కడి పద్ధతి. ఆయన ఆ డబ్బా తెమ్మన్నాడు. ముందు వరసలో ఒక ముసలామె ఆందోళనగా అడిగింది: "ఎవరికి జరం పెద్దయ్యా?"

ఆయన ముక్క విరిచి డబ్బాలో పెట్టి, మూత నొక్కాడు.

"జరం గాదు. నా అల్లునికి డ్యూటీ."

సుజాత కొంగుతో ముఖం కప్పుకుంది.

సాయంత్రం రైల్లో బైబిలు తెరవలేదు. నా అరుపులోంచి కాక, గరిట పట్టుకుని నిలదీసిన ఒక చెల్లెలి నోట, ఏమీ అడక్కుండా ఆటో తీసిన ఒక భాయ్ చేతుల మీదుగా దేవుడు ఆ రోజు తన పని చేసుకున్నాడు. ఆ ఇద్దరి కోసం ధారూర్ దాటేదాకా స్తోత్రం చెబుతూనే ఉన్నాను. మీరూ తాండూరు, కరణ్‌కోట వైపు వాక్యం చెప్పడానికి వెళ్తుంటే ఒక్క మాట: రైలు వేళల కంటే ముందు అక్కడి షిఫ్టు వేళలు కనుక్కోండి. బూడిదలో కూర్చోబెట్టిన మనిషిని, భోజనానికి లేచేలోపే లేపండి.