ఎవరూ తొడగని అంగి

నా చిన్నప్పుడు నేను మొట్టమొదట కుట్టిన బట్ట ఒక పసిపిల్లల అంగి. దాన్ని ఎవరూ తొడుక్కోలేదు. ఆ తర్వాత సిద్దిపేటలో ఎందరు పెళ్లికూతుళ్లకు జాకెట్లు కుట్టానో, ఎందరు బడిపిల్లలకు గౌన్లు కుట్టానో లెక్క లేదు. నీ చేతి కుట్టు మంచిగుంటదని ఎవరన్నా అంటే నాకు సంతోషం కంటే ముందు ఆ అంగి గుర్తొస్తుంది. అందుకే మెప్పుకు సరిగ్గా బదులివ్వను. పొగరుబోతునని పేరు కూడా పడింది. పడనీ, ఇప్పుడు దాన్ని మార్చుకునే వయసు కాదు.

మా పక్కింటి అక్కది చేర్యాల. వాళ్ల నాయిన గుడ్డ మీద కథల బొమ్మలు వేసే పనివాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. అక్క పెళ్లయి మా వాడకట్టుకు వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లుంటాయి. ఆ ఇంట్లో అక్క, ఆమె భర్త, అత్త ముగ్గురే. బావ అని నేను పిలిచే ఆయన నెమ్మదస్తుడు, వాళ్ల అమ్మ మాటకు ఎదురు చెప్పడు. బడి వదలగానే నేను మా ఇంటి గడప తొక్కకుండా నేరుగా అక్క దగ్గరికే పోయేదాన్ని. "గాడనే తిను, గాడనే పండు, ఇంటికెందుకు వస్తవ్" అని మా అమ్మ తిట్టేది. తిట్టినా పోయేదాన్ని. ముగ్గైనా, పలక మీద బొమ్మైనా అక్క గీత ఒక్కసారికే కుదిరేది, చెరిపి మళ్లీ గీయడం నేను చూడలేదు. అలాంటి చేతికి దారంతో బొమ్మలు కుట్టాలని ఆశ పుట్టింది. ఏడాదిపాటు బావను బతిమాలి కుట్టుమిషన్‌కు ఒప్పించుకుంది.

కొనే రోజు నన్నూ వెంట తీసుకుపోయారు. దుకాణం ఆయన, ఇంట్లో కుట్టుకోవడానికి చేతిమిషన్ చాలు, జాగ తక్కువ పడుతుందని బావకు నచ్చజెప్పసాగాడు. బావ తల ఊపుతున్నాడు కూడా. అక్క మెల్లగా, "ఒక చెయ్యి చక్రం తిప్పుకుంట కూసుంటె బొమ్మనెవరు తిప్పాలె?" అంది. రింగులో బిగించిన బట్టను రెండు చేతులతో తిప్పితేనే పువ్వైనా చిలకైనా వస్తుంది, కాబట్టి కాలితో తొక్కే మిషనే కావాలి. దుకాణం ఆయన గంజిపెట్టిన తెల్లబట్ట తెచ్చి ఒక్కో మిషన్ మీద టకటకా కుట్టి చూపించాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. అప్పుడు అక్క తన సంచిలోంచి ఒక పాతచీర ముక్క తీసింది. ఉతికి ఉతికి మెత్తబడిపోయిన పలచటి మల్లుబట్ట. మొదటి మిషన్ దాన్ని ముడుతలు పెట్టింది. రెండోది సూది కిందికి లాక్కుపోయి చింపింది. మూడోది మాత్రం ఏమీ ఎరగనట్టు దాని మీదుగా నడిచిపోయింది. దానికి రంగు అక్కడక్కడా లేచిపోయి ఉంది, అయినా అక్క అదే కావాలంది.

"గంజి బట్ట మీద ఏ మిషినైన మంచిగనే కుడ్తది చెల్లె. మెత్తటిదాన్ని చింపకుంట కుడ్తదా లేదా, గది చూడాలె" అని దారిలో నాకు చెప్పింది. అప్పుడది మిషన్ గురించే అనుకున్నాను.

నాకు నేర్పడానికి ఒప్పుకుంది గాని పదిహేను రోజులు దారం ముట్టుకోనివ్వలేదు. నా లెక్కల నోటుబుక్కులోంచి గీతల కాగితం చింపి, దారం లేని సూదితో ఆ గీతల వెంట కుట్టమనేది. తర్వాత కాగితాన్ని ఎండకు ఎత్తి చూసేది. చిల్లులన్నీ గీత మీద పడితే సరే, లేకపోతే మరో కాగితం. కాలి ఊపు తప్పితే చక్రం వెనక్కి తిరుగుతుంది, వెనక్కి తిరిగితే దారం తెగుతుంది, కుట్టు వంకరపోతుంది. నాకు అదే జబ్బు. నోటుబుక్కు సగమైపోయాక బడిలో పంతులమ్మతో దెబ్బలు తిన్నాను. దానికి అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

చివరికి దారం చేతికిచ్చింది. బట్టను నొక్కిపట్టే మిషన్ పాదం తీసేసి, రింగు కట్టి, చిన్న చిలకను కుట్టడం కూడా చూపించింది. అప్పటికి అక్కకు నెలలు నిండుతున్నాయి. కడుపుతో అట్లా కాళ్లాడించడం మంచిది కాదని అత్త సణిగేది. అక్క మిషన్ ఎక్కడం తగ్గించింది. మధ్యాహ్నం అక్క పడుకున్నప్పుడు మిషన్ నాదే.

అట్లాంటి ఒక మధ్యాహ్నం, జాకెట్‌కు తెచ్చిన కొత్త మల్లుబట్టలో మిగిలిన ముక్కతో నేను అంగి కుట్టాను. కొలత నా రెండు జానలు. ఒక పక్క చక్రం వెనక్కి తిరిగి కుట్టు పాములా పోయింది. రొమ్ము మీద చిలకను కుట్టాను గాని అది మామిడికాయలాగే ఉంది. అయినా నాకు నేలమీద కాళ్లు నిలవలేదు. కాగితంలో చుట్టి మిషన్ సొరుగులో, గుడ్డముక్కల అడుగున దాచాను. బిడ్డ పుట్టాక తీసి అక్కకు చూపించాలని.

మాలో పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్తబట్ట కుట్టరు. పుట్టాక కూడా మొదట పాతచీర ముక్కలోనే చుడతారు. పెద్దవాళ్లందరికీ తెలిసిన ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. పదేళ్ల పిల్లకు చెప్పాలని ఎవరికి మాత్రం తోస్తుంది.

అక్క దవాఖానకు పోయి మూడో రోజు ఉత్త ఒడితో తిరిగొచ్చింది. ఆడపిల్లట. పుట్టింది గాని ఏడవలేదట. నేను చూడలేదు, చూడనివ్వలేదు. వాడకట్టు ఆడవాళ్లంతా వాళ్లింట్లో కూర్చున్నారు. నేను మా అమ్మ వెనకాల గడప దగ్గర నిలబడ్డాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. పచ్చి ఒళ్లు కదా, నడుముకు బిగించి కట్టడానికి పాతగుడ్డ కోసం అత్త మిషన్ సొరుగు లాగింది.

కాగితం విప్పేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది. విప్పాక ఏడుపు ఆగిపోయింది. అంగిని రెండు చేతులతో పట్టుకుని అందరికీ కనబడేలా ఎత్తి, "ఎవలు కుట్టిన్రు గిది?" అంది.

అక్క కూడా దాన్ని అప్పుడే చూడటం. ఆ వంకర కుట్టును చూసింది, ఆ మామిడికాయ చిలకను చూసింది. తర్వాత నా వైపు చూసింది, ఒక్కసారే. నేను అమ్మ వెనక్కి జరిగాను.

"నేనే కుట్టిన" అంది అక్క.

"పిల్ల భూమ్మీద పడకముందే కొత్తంగి కుడితివా? నీ బిడ్డను నువ్వే పొట్టన పెట్టుకున్నవ్ గదనే" అని అత్త గుండెలు బాదుకుంది. ఆమె దుఃఖం కూడా నిజమే, పోయింది ఆమె తొలి మనుమరాలు. ఎవరూ ఆమెను ఆపలేదు. బావ తల వంచుకుని బయటికి పోయాడు. అక్క చేతి పని ఎంత తీరుగా ఉంటుందో ఆ గదిలో అందరికీ తెలుసు. అది ఆమె కుట్టు కాదని ఒక్కరైనా గుర్తుపట్టాల్సింది. గుడ్డను చూశారు గాని కుట్టును ఎవరూ చూడలేదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

వారం తిరగకముందే మిషన్‌ను బండెక్కించి రాయపోల్‌లో ఉన్న అత్త చెల్లెలింటికి పంపేశారు. ఇంట్లో ఉంటే అరిష్టమట. బండి మలుపు తిరిగేదాకా అక్క వాకిట్లో నిలబడే ఉంది. ఆ రోజు నాకు జ్వరం వచ్చింది. ఎందుకొచ్చిందో మా అమ్మకు తెలియదు, దిష్టి తీసింది.

జ్వరం తగ్గాక అక్క నన్ను పిలిపించింది. నేను ఆమె ఒడిలో తల పెట్టి, నా అంగి వల్లనే పాప పోయిందని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడే పోయి అత్తకు చెబుతానన్నాను. అక్క నా నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"గుడ్డముక్కకు గంత బలం లేదు చెల్లె. గది నాకు తెలుసు, నీకు తెలువది. తెలువకుంట మోస్తె శాన బరువైతది. నేను మోస్త తియ్" అంది. బొడ్లోంచి ఆ అంగి తీసి నా చేతిలో పెట్టింది. అత్త పారేస్తే ఏరి తెచ్చుకుందట. వంకర పోయిన చోట వేలు పెట్టి, "చక్రం ఎనుకకు తిరిగింది గదా ఈడ? పెద్దగైనంక ఇప్పి మల్ల కుట్టు" అంది. అంతే. కళ్లు తుడుచుకుని నాకు తల దువ్వింది.

అక్కకు మళ్లీ పిల్లలు కాలేదు. ఆ అత్త బతికున్నన్నాళ్లూ అంగి మాట ఎత్తిపొడుస్తూనే ఉండేదని మా అమ్మ చెప్పేది. నాకు పెళ్లయ్యాక ఒకసారి అక్క దగ్గరికి పోయాను. అప్పటికి అత్త లేదు. ఇప్పుడైనా అందరి ముందూ చెబుతానని దారంతా అనుకుంటూ పోయాను. అక్క నా జాకెట్ చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, కుట్టు మంచిగ కుదిరింది చెల్లె అని మురిసిపోయింది. నేను చాయ్ తాగి వచ్చేశాను. రెండేళ్ల కింద అక్క పోయింది. పాడె మీద ఉన్న మనిషి గురించి కూడా ఒక ముసలామె, పాపం, అంగి కుట్టి బిడ్డను పోగొట్టుకుందని అంది. అప్పుడు కూడా నా నోరు పెగల్లేదు. ధైర్యం లేని నోరు నాది.

మొన్న నా మనవరాలికి మిషన్ కొనడానికి బజారుకు పోయాం. బట్టలు కుట్టేదీ అదే, ఎంబ్రాయిడరీ చేసేదీ అదే. మిషన్‌కున్న అద్దం లాంటి తెర మీద వేలు పెట్టి బొమ్మ చూపిస్తే రింగు తనంతట తానే కదులుతుంది. రింగు ఎంత పెద్దదో, పాడైతే బాగుచేసే మనిషి ఊళ్లో ఉన్నాడో లేదో అడిగాను. దుకాణం ఆయన గట్టి బట్ట పెట్టి చిలకను కుట్టించాడు. ఎంత తీరైన చిలక. నేను మెత్తటి పాతగుడ్డ మీద కుట్టి చూపించమన్నాను. ముక్క కోసం నా సంచి తీస్తే, కత్తెరతో పాటు ఎప్పుడూ అందులోనే ఉండే కాగితపు పొట్లం కిందపడింది. మనవరాలు విప్పి చూసింది. ఆ కుట్టును నేను ఇప్పటిదాకా విప్పలేదు.

"ఎవలు కుట్టిన్రు గిది అమ్మమ్మా? గింత వంకర పోయింది" అని నవ్వింది.

దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. అందరూ ఇటే చూశారు. పదేళ్లప్పుడు గడప దగ్గర రావాల్సిన మాట, అక్క నా కోసం తన నోటితో అని జన్మంతా మోసిన మాట, నా గొంతులోంచి అప్పుడు వచ్చింది.

"నేనే కుట్టిన" అన్నాను.