సూది వేశాక తోడెవరు

కువైట్‌లో, సబా అల్ సలేంలో నేను పనిచేసే ఇంట్లో చంటిపిల్లకు టీకా వేయించే రోజంటే అందరికీ పనే. పిల్ల తల్లి, మేము మామా అని పిలిచే ఇంటావిడ, తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టేది. డ్రైవరు పొద్దున్నే కారు తీసి ఏసీ వేసి ఉంచేవాడు. ఆస్పత్రిలో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది మాత్రం నేనే, సూది దిగేటప్పుడు చూడటం మామా వల్ల అయ్యేది కాదు. ఇంటికి వచ్చాక ఒళ్లు వెచ్చబడితే జ్వరం మందు చుక్కలు వేసి, తడిగుడ్డతో తుడిచి, ఆ పూట ఇంకే పనీ పెట్టుకోకుండా పిల్ల పక్కనే ఉండాలి. మర్నాటికి అది మామూలుగా ఆడుకునేది.

మాది అన్నమయ్య జిల్లాలో కొండ మీది పల్లె. తారురోడ్డు కింద ఊరి దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి వంక దాటి రాళ్ల బాట ఎక్కాలి. వంక పారే రోజుల్లో ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు. నెలకోసారి నర్సమ్మ టీకాల డబ్బా భుజానికి తగిలించుకుని నడిచి వచ్చేది. నా కూతురికి చిన్నప్పుడు అన్నీ ఆమే వేసింది. అప్పట్లో ఎవరూ వద్దనలేదు.

నేను కువైట్ వచ్చాక మా వీధి చివరింట్లో ఒక పిల్లవాడు పోయాడు. టీకా వేయించిన కొన్నాళ్లకు జ్వరం పట్టుకుంది. వంక పారుతోంది. కిందికి దించేసరికి ఆలస్యమైంది. డెంగీ అని పెద్దాస్పత్రి డాక్టరు చెప్పాడట. పల్లెలో ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. సూది వేశారు, బిడ్డ పోయాడు, అంతే. అప్పటి నుంచి నర్సమ్మ బాట ఎక్కుతూ కనబడితే చాలు, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని మామిడితోపులోకి పోయేవారు. అందరికంటే గట్టిగా పట్టుబట్టింది మా అత్తే. పల్లెలో సగం మంది ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే. ఆమె వద్దంటే వద్దు.

నా తోడికోడలి కూతురికి అప్పటికి ఏడాది నిండబోతోంది. కాన్పు ఆస్పత్రిలో వేసి పంపినవి తప్ప ఆ పిల్లకు మరే టీకా పడలేదు. ఆ ఎండాకాలం కింద ఊళ్లో పిల్లలకు తట్టు పోసింది. నర్సమ్మ మా తోడికోడలి దగ్గర నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. పల్లె నుంచి కువైట్‌లో ఉన్న ఆడవాళ్లందరికీ అలాగే చేస్తున్నానని చెప్పింది.

“మేం చెప్తే గవర్నమెంటు మాట అంటారమ్మా. మీరు చెప్తే ఇంట్లోవాళ్ల మాట అవుతుంది” అంది.

శుక్రవారం అత్తకు ఫోన్ చేశాను. ఇక్కడ మామా తన పిల్లకు ఒక్క టీకా కూడా తప్పనివ్వదనీ, జ్వరం వచ్చినా ఒక్కరోజులో తగ్గిపోతుందనీ, తట్టు పోస్తే మాత్రం పిల్ల దక్కకపోవచ్చనీ తెలిసినంతలో చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. నేను ఆపాక అంది:

“నువ్వు యాడో కూచ్చోని చెప్తాండావు. ఆ యమ్మ సూదేసి పొద్దు గూకకముందే వంక దాటి పోతాది. రేత్రికి బిడ్డకు ఒళ్లు కాలిపోతే ఎత్తుకోని యాడికి పోవాల మేము?”

ఉంటాను అత్తా అని పెట్టేశాను.

నేను పనిచేసే ఇంట్లో, మేము బాబా అని పిలిచే ఇంటాయన వాళ్ల అమ్మ కూడా ఉంటుంది. ఆమెను మేము పెద్ద మామా అంటాం. ఆమె కుడికాలు మోకాలి కింద నుంచి సన్నంగా, చిన్నపిల్ల కాలిలా ఉంటుంది. బయటికి వెళితే కాలికి ఇనుప పట్టీ కట్టుకుని కర్ర పట్టుకుంటుంది. రోజూ సాయంత్రం ఆ కాలికి నూనె రాయడం నా పని. ఎప్పుడో పడిపోయి అలా అయిందనుకున్నాను. అడగడం బాగుండదని అడగలేదు.

ఆ రోజు నూనె రాసిన చోటే మళ్లీ మళ్లీ రాస్తున్నాను. ఏమైందని ఆమె రెండుసార్లు అడిగింది. వచ్చీరాని అరబ్బీలో అంతా చెప్పాను. ఆమె వింటూ వింటూ నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

“ఈ కాలు ఎట్లా పోయిందో తెలుసా నీకు? నేను నడిచే పిల్లనే. జ్వరం వచ్చింది. తగ్గాక లేచి నిలబడమన్నారు, నిలబడలేకపోయాను. అప్పట్లో మాకు ఇబ్రా లేదు. ఎక్కడైనా ఉందని తెలిస్తే మా అమ్మ ఎంత దూరమైనా ఎత్తుకుని నడిచేది.”

ఇబ్రా అంటే సూది. ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి మాటల్లో అదొకటి.

ఆమెకు వచ్చింది పోలియో. మా పల్లె పిల్లలకు వస్తుందని భయపడుతున్నది తట్టు. అది వేరు, ఇది వేరు అని చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. మీ అత్తకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను అంది.

మామాను అడిగితే నవ్వి, సరేనంది. పెద్ద మామా తలకు నల్లగుడ్డ సర్దుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. అటు వీడియోలో అత్త కొంగు తలమీదికి లాక్కుంది. పెద్ద మామా మోకాలి దాకా బట్ట తీసి, ఫోను కాలి దగ్గర పెట్టమంది. తన కథ మళ్లీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

అత్త ఆ కాలును చాలాసేపు చూసింది. అయ్యో అంది. ఎంత మంది పిల్లలని అడిగింది. పెద్ద మామా ఏడుగురంది. ఈ కాలితోనే కని పెంచావా తల్లీ అని అత్త దండం పెట్టింది. తర్వాత నాతో, “ఆ యమ్మ చెప్పింది అబద్ధమని నేననడం లేదు. వాల్లకు గేటు బయటే కారుండాది. మాకేముండాది?” అంది.

నేను అరబ్బీలో చెప్పాను. ఇలా అంటే పెద్ద మామాకు కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆమె తల ఊపింది.

“నిజమే కదా చెబుతోంది. ఆ నర్సును రాత్రికి అక్కడే పడుకోమను.”

అంత చిన్న మాట మాలో ఎవరికీ తట్టలేదు. అత్తకు తెలుగులో చెప్పాను. “ఉంటే చూస్తాం” అని మాత్రం అంది.

నర్సమ్మతో చెబితే ఆమె కూడా వెంటనే సరే అనలేదు. ఆమె ఇంట్లో చిన్నపిల్లలున్నారు, పైన డాక్టరును అడగాలి. అడిగి చెబుతానని పెట్టేసింది. రెండో శుక్రవారానికి మా తోడికోడలు వీడియో పంపింది. నర్సమ్మ, ఆశా కార్యకర్త మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. టీకాల డబ్బా పక్కన బట్టల సంచి ఉంది.

ముందు మా తోడికోడలి పిల్లకే వేశారు. అత్త పిల్లను ఒళ్లో పెట్టుకుంది. అది చూసి వీధిలో మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారట. చీకటి పడ్డాక కొందరికి జ్వరం వచ్చింది, ఒక పిల్లవాడికి తొడ వాచింది. నర్సమ్మ ఇంటింటికీ తిరిగి మందు చుక్కలు ఎంత వెయ్యాలో, ఒళ్లు ఎలా తుడవాలో తల్లుల చేతే చేయించింది. మర్నాడు పిల్లలందరినీ ఇంకోసారి చూసుకుని వాళ్లు కొండ దిగారు. తర్వాతి నెల కూడా వచ్చి రాత్రికి ఉన్నారు. ఆ తర్వాత నర్సమ్మ రాత్రికి ఉండలేకపోయినప్పుడు కూడా తల్లులు తోపులోకి పోలేదు.

రానిది ఒక్క చివరింటి ఆమె. చనిపోయిన పిల్లవాడి వెనక ఆమెకు ఇంకో కొడుకు పుట్టాడు. వాడికి ఏమీ వేయించలేదు. ఆమెను బలవంతపెట్టొద్దని అత్త అందరికీ చెప్పింది. ఆమె నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, ఇద్దరిదీ ఒకే పుట్టినూరు, ఒకే బడికి పోయాం. టీకా సంగతి ఎత్తకుండా ఊరికే పలకరిద్దామని ఫోన్ చేశాను. ఆ సంగతి ఆమే ఎత్తింది.

“సూదికి పోలేదక్కా నా బిడ్డ. డాక్టరు చెప్పినాడు, నాకూ తెలుసు. గానీ ఆ పొద్దు వాడు కదలకుండా రెండు కాల్లూ పట్టుకునింది నేనే. మల్లా ఈ చేతుల్తో ఈన్ని ఎట్ల పట్టుకోవాల?”

నువ్వు పట్టుకోవద్దులే అన్నాను. ఆ మాట అత్తకు చెప్పాను. నర్సమ్మ మళ్లీ వచ్చిన రోజు అత్త చివరింటికి పోయి పిల్లవాణ్ని తనే ఎత్తుకొచ్చింది. వాళ్లమ్మ వద్దనలేదు, గడప మాత్రం దాటలేదు. సూది వేశాక వాడి ఏడుపు ఆగేదాకా అత్త అరుగు మీదే ఊపుతూ కూర్చుని, తర్వాత తీసుకుపోయి ఆమె చేతికిచ్చింది.